రెండు ముక్కుల రాఘవమ్మ

పదకొండు రోజులు ఎండలో నిలబడి తను వేసిన బొమ్మకి ఎవరో కొత్త ముక్కు పెడుతున్నారు. స్కూటీకి స్టాండు వెయ్యకముందే ఆ సంగతి ఆశ్రిత కంటపడింది.

ప్రత్తిపాడు ఊరి చివర, గుంటూరు రోడ్డు మీదికి కనపడే కోల్డ్ స్టోరేజీ గోడ అది. కొత్తగా కట్టింది. దాని మీద అరవై అడుగుల పొడవున, మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళని వేసింది ఆశ్రిత. జలుబు చేసి రెండ్రోజులు గుంటూరులో ఇంటిపట్టున ఉండిపోయి, మూడోరోజు పొద్దున వచ్చేసరికి తొమ్మిది ముఖాల్లో నాలుగు మారిపోయాయి. కోటేరు ముక్కులు, కాటుక కళ్ళు, గులాబీ రంగు బుగ్గలు. పరంజా మీద గొంతుక్కూర్చుని, మెడలో తువ్వాలు వేసుకున్న ఒకతను ఐదో ముఖం పనిలో ఉన్నాడు.

“దిగండి,” అంది ఆశ్రిత.

అతను తల తిప్పలేదు. “ఒక్క నిమిషం అండి. ఈ కన్ను అయిపోవచ్చింది.”

“ఆ కన్ను నాది. దిగండి.”

“మీదైతే మరి ఇందాకటిదాకా చెవి దగ్గరుందేంటండీ?”

పరంజా కింద తెల్ల ఎనామెల్ డబ్బా ఉంది. ఆశ్రిత దాన్ని కాలితో తన్నింది. సగం రంగు నల్లరేగడి మీద పడింది, మిగతా సగం ఆమె చుడీదారు మీదే పడింది. అతను అప్పుడు తిరిగి చూశాడు. డబ్బాని చూశాడు, ఆమె కాళ్ళని చూశాడు, మళ్ళీ గోడ వైపు తిరిగి తీరిగ్గా కనురెప్ప పూర్తిచేసి, ఆ తర్వాత దిగాడు. ముక్కులు మార్చినందుకంటే, ఆ రెప్ప పూర్తిచేసినందుకే ఆమెకి ఒళ్ళు ఎక్కువ మండింది.

అతని పేరు ప్రేమ్‌చంద్. ఆ ఊరివాడే. ట్రాక్టర్ ట్రాలీల మీద పూలూ నెమళ్ళూ వేస్తాడు, షాపుల బోర్డులు రాస్తాడు, నంబరు ప్లేట్లు రాస్తాడు. ముఖాలు సరిచెయ్యమని కోల్డ్ స్టోరేజీ యజమాని లక్ష్మీకాంత్ గారే పిలిచారని మర్యాదగా చెప్పాడు.

ఇందులో సరిచెయ్యడానికేమీ లేదని, ఇది క్యూబిజమని ఆశ్రిత అంది. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. ఒకే చోట నిలబడి ఒకే వైపు నుంచి చూసి గియ్యడం మీద వందేళ్ళ కిందట పారిస్‌లో కొంతమంది చిత్రకారులకి విసుగు పుట్టింది. మన ఎదురుగా కూర్చున్న మనిషి వంగుతుంది, తిరుగుతుంది, పక్కవాళ్ళతో మాట్లాడుతుంది. అందుకని ఎదటి నుంచి కనపడేదీ పక్క నుంచి కనపడేదీ కలిపి ఒకే ముఖంలో పెట్టారు. ప్రేమ్‌చంద్ చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

“అంటే చూసేవాడు కదలక్కర్లేకుండా, బొమ్మలో మనిషిని కదిలించారన్నమాట,” అన్నాడు.

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో నాలుగేళ్ళు చదివినా అంత చిన్న మాటలో ఎవరూ ఆమెకి చెప్పలేదు. కానీ ఆ సంగతి ఒప్పుకునే స్థితిలో ఆమె లేదు.

“నంబరు ప్లేట్లు రాసుకునేవాళ్ళకి ఇవన్నీ చెప్పడం నాదే తప్పు,” అంది.

అతని ముఖంలో ఏదో ఆరిపోయింది. “నంబరు ప్లేటు తప్పు రాస్తే పోలీసులు పట్టుకుంటారండి. మీ పనిలో ఆ భయం లేదు,” అన్నాడు.

లక్ష్మీకాంత్ గారి ఏసీ గదిలోకి ఆమె విసురుగా వెళ్ళింది. ఆయన ఎవర్నీ నొప్పించని మనిషి, అందుకే ఎవరికీ పనికొచ్చే మాట చెప్పడు. కాగితం మీద చిన్న బొమ్మ చూపించినప్పుడు అదేదో డిజైను అనుకున్నానని, గోడ మీద వేసేటప్పుడు మనుషుల్లాగే వేస్తారనుకున్నానని అన్నాడు. ఉగాదికి ప్రారంభం, పది రోజులే ఉంది. ముఖాలు ముఖాల్లా ఉండాలి. లేదంటే సున్నం కొట్టించి కంపెనీ పేరు రాయించుకుంటాడు. సున్నమేదో నేనే కొట్టేస్తానని ఆశ్రిత అంటే, గోడౌన్లో ఉందమ్మా తీసుకో అన్నాడు. అది ఆమె ఊహించని జవాబు.

బ్రాడీపేటలో ఇంటికి వచ్చి గిన్నెలు అటూ ఇటూ నెట్టింది. తండ్రి శేషాచలం గారు రిటైరైన తెలుగు మాస్టారు. బీఈడీ చేసుంటే ఈ ఎండా ఈ గోడలూ తప్పేవి కదా అని ఆయన రోజూ అనే మాట ఆ రోజూ అన్నాడు. తల్లి జ్ఞానప్రసూనాంబ ఏమీ అనలేదు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనదు. కూతురి చుడీదారుకి అంటిన ఎనామెల్‌ని కిరసనాయిలుతో రుద్దుతూ కూర్చుంది.

మర్నాడు మళ్ళీ పోట్లాడటానికే ఆశ్రిత ప్రత్తిపాడు వెళ్ళింది. ముఖాలు బాగాలేవన్నది అసలెవరని అడిగింది.

“రాఘవమ్మత్త,” అన్నాడు ప్రేమ్‌చంద్.

“నిన్నే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదండి. దిగమన్నారు, దిగాను.”

రాఘవమ్మ బొమ్మలో రెండో మనిషి. తొడిమలు తీసే చోట రెండు రోజులు ఆశ్రిత ముందు కదలకుండా కూర్చుంది. గోడ మీద బొమ్మ తయారయ్యాక, ఆమె ఆటో ఎక్కితే చాలు, రెండు ముక్కుల రాఘవమ్మ వచ్చిందని నవ్వడం మొదలైంది. టీ కొట్టు దగ్గర మగవాళ్ళు ఒక ముక్కుతో తుమ్ముతావా రెండిటితోనా అని అడిగారు. ఆమె పనిలోకి రావడం మానేసి అప్పటికి నాలుగు రోజులు.

ఆశ్రిత వెళ్ళేసరికి రాఘవమ్మ తన కల్లంలో, ఎండబెట్టిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఒక ఎకరం కౌలుకి చేసుకుంటుంది. కూలికి పోగా మిగిలిన పొద్దంతా ఆ ఎకరం మీదే. ఆశ్రిత దారంతా సిద్ధం చేసుకొచ్చిన వివరణ మొదలుపెట్టబోయింది.

“రెండ్రోజులు నా ఎదురుగుండా కూర్చున్నావు గదమ్మా,” అంది రాఘవమ్మ, కాయల మీంచి చూపు ఎత్తకుండా. “నన్నే చూస్తన్నావనుకున్నా.”

వివరణ అక్కడితో ఆగిపోయింది. ఆశ్రిత ఆ ఎర్రటి కుప్ప పక్కన చతికిలబడింది. తను ఆ రెండు రోజులూ చూసింది ఎవరిని? పుస్తకంలో చూసిన ఒక పద్ధతిని. ఆ పద్ధతికి సరిపోయే ముఖం కావాల్సొచ్చింది, ఎదురుగా ఒకటి దొరికింది. ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది.

వెళ్ళబోతూ, పోనీ ప్రేమ్‌చంద్ సరిచేసిన ముఖం నచ్చిందా అని అడిగింది.

“అదీ నా మొకం కాదు. వాడికి ఆడమనిషంటే ఒకటే మొకం, సినిమా పోస్టర్ మీద మొకం. నలుగురికీ అదే అంటించాడు.”

తన మీద తనకి వచ్చిన కోపం అలాగే ఉంది కానీ, ఈ రెండో మాటని ఆశ్రిత కానుక మోసుకొచ్చినట్టు గోడ దాకా మోసుకొచ్చింది. ఒక్క అక్షరం తగ్గకుండా అతనికి అప్పగించింది. ప్రేమ్‌చంద్ గోడకి దూరంగా రోడ్డు దాకా నడిచి, అక్కణ్ణుంచి తను మార్చిన ముఖాలు చూశాడు. అన్నిటికీ ఒకే ముక్కు. తిరిగొచ్చి, ఈసారి డబ్బాని అతనే తన్నాడు.

అలా, ఒకరి మొహం ఒకరు చూడటం ఇష్టం లేని ఇద్దరు కలిసి ఆ గోడని మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలని నిర్ణయమైంది. లక్ష్మీకాంత్ గారు ఉగాది దాకా గడువిచ్చి, తలుపేసుకున్నాడు.

పోట్లాట గళ్ళ దగ్గర మొదలైంది. సుద్ద రాసిన దారం లాగి గోడంతా గళ్ళు కొట్టాలని అతనన్నాడు. గళ్ళంటే పంజరమని ఆమె అంది. గళ్ళు కొట్టనందువల్లే మీ మూడో మనిషికి ఎడమచెయ్యి కుడిచేతికంటే జానెడు పొడవుందని అతను టేపు పట్టి కొలిచి చూపించాడు. అది కావాలనే వేశానంది. కావాలని వెయ్యలేదు. గోడ అడుగున ఉప్పు పొంగుతుందని, కడిగి ఆరబెట్టకుండా రంగు వేస్తే వానాకాలానికి పొక్కులు లేస్తుందని అతను చెబితే ఆమె వినలేదు. మర్నాడు పొద్దున గోరుతో గీకితే రంగు పొరగా ఊడొచ్చింది. ఆమె బకెట్ తెచ్చి కడగడం మొదలుపెట్టింది. అతను రెండో బకెట్ తెచ్చాడు.

అతని కోపం ఆమె కోపంలాంటిది కాదు. ఆమెది మాటల్లోకి వస్తుంది, అతనిది చేతుల్లోకి వెళ్తుంది. కోపం వచ్చినప్పుడు అతని గీత మరింత సూటిగా పడేది. ఆమె ఆ సంగతి గమనించింది. గమనిస్తున్నానని తెలిసి ఇంకాస్త కసురుకుంది.

ఒక మధ్యాహ్నం రంగులు తెచ్చుకోవడానికి అతని ఇంటికి వెళ్ళింది. ప్రేమ్‌చంద్ తండ్రి పిచ్చయ్య వ్యవసాయం చేస్తూనే, పాతికేళ్ళు సినిమా బ్యానర్లు వేశాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది. పశువుల పాకలో చుట్టి పెట్టిన పాత గుడ్డ ఒకటి విప్పి చూపించాడు. ఎవరో హీరో ముఖం, మంచమంత ఉంది. దగ్గరగా చూస్తే ముఖమే లేదు. నీలం ముద్దలు, ఊదా ముద్దలు, వేలి మందాన పూసిన పసుపు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ నీలమంతా దవడ కింద నీడైపోయింది.

నీడకి నలుపు ఎందుకు వాడలేదని ఆశ్రిత అడిగింది.

“నీడ నల్లగా ఎక్కడుందమ్మాయ్?” అన్నాడు పిచ్చయ్య. “ఎండలో నిలబడి చూడు. నీడలో కూడా రంగుంటది.”

నలుపు వాడకుండా రంగుతోనే నీడ వెయ్యడాన్ని, రంగుని ముద్దలుగా పూసి దూరం నుంచి చూసే కంటికి వదిలెయ్యడాన్ని ఆమె ఇంప్రెషనిస్టుల పాఠంలో చదువుకుంది. పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న. ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక రైతు అదంతా చేత్తో చేస్తున్నాడని ఏ ఒక్క మాస్టారూ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆమెకి ఆ కాలేజీ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపమంతా పక్కన నడుస్తున్న ప్రేమ్‌చంద్ మీద చూపించింది. ఆయన కొడుకై ఉండి ఆ గులాబీ బుగ్గలు ఎలా వేశారని నిలదీసింది. నాన్నకి ఒక ముఖానికి వారం రోజులిచ్చేవాళ్ళని, తనకి పూటకి నాలుగు కావాలంటారని అతనన్నాడు. 

ఆ తర్వాత ఇద్దరూ ఒకరికొకరు శిక్షలు వేసుకున్నారు. ఒక రోజంతా అతను ముఖాలు గియ్యకూడదు, చేతులు మాత్రమే గియ్యాలి. ఆమె దేన్నయినా సరే పది నిమిషాలు చూశాకే పెన్సిల్ ముట్టుకోవాలి. తొడిమలు తీసే చోట, ఆ ఘాటులో, ఇద్దరూ తుమ్ముకుంటూ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే ఆడవాళ్ళు నవ్వారు. రాఘవమ్మ కూడా వచ్చింది కానీ వీళ్ళకి వీపు పెట్టి కూర్చుంది.

సాయంత్రానికి ప్రేమ్‌చంద్ పెన్సిల్ కింద పెట్టేశాడు. “మనం ఇన్నాళ్ళ నుంచి దేనికోసం కొట్టుకుంటున్నామో చూశారా? పనిలో ఉన్నప్పుడు ఒక్కళ్ళకీ ముక్కు కనపడదండి.”

నిజమే. తొమ్మిదిమందీ కళ్ళ కింద నుంచి గడ్డం దాకా గుడ్డ కట్టుకున్నారు. మొదటిసారి వచ్చినప్పుడు, ముఖాలు కనపడవని ఆ గుడ్డలు విప్పించింది ఆశ్రితే. ఆమెకి నవ్వొచ్చింది. అది తను ముందు చూడనందుకు కోపమూ వచ్చింది. గుడ్డలతోనే వేద్దామని ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీదికి వచ్చేలోపు, రాఘవమ్మ వీపు తిప్పకుండానే అడ్డం చెప్పింది.

“నాకు మాత్రం మొకం కావాల. సాయంత్రం గుడ్డిప్పి మొకం కడుక్కుంటా చూడు, అప్పటిది.”

పొద్దున గుడ్డ, సాయంత్రం ముఖం. గోడ మాత్రం ఒకటే. ఆశ్రిత ఆ రోజు ఇంటికి వెళ్ళాక పాత నోటు పుస్తకాలు తిరగేసి, మర్నాడు అతన్ని బండెక్కమంది. ఎక్కడికో చెప్పలేదు. అమరావతి మ్యూజియంలో, ఒక రాతి పలక ముందు నిలబెట్టింది.

ప్రేమ్‌చంద్ ఆ ఊరికి గుడికోసం పదిసార్లు వచ్చాడు, ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. రాయి మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఒకే మనిషి ఒక మూల ఇంట్లో ఉన్నాడు, మధ్యలో దారిలో ఉన్నాడు, ఇంకో మూల చెట్టు కింద నిలబడి ఉన్నాడు. కొందరు పై నుంచి చూసినట్టు, కొందరు పక్క నుంచి చూసినట్టు. మొదట్లో, వీళ్ళకి గళ్ళు కొట్టడం రాదా అని గొణిగాడు. తర్వాత పలకకి దగ్గరగా జరిగాడు. ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

“మధ్యలో గీత లేదండి,” అన్నాడు చివరికి. “పొద్దున ఎక్కడ అయిపోయిందో, సాయంత్రం ఎక్కడ మొదలైందో గీత గియ్యలేదు. చూసేవాళ్ళే నడుచుకుంటా పోయి తెలుసుకోవాలి.”

“ఒకే ముఖంలో రెండు ముక్కులు పెట్టే బదులు, ఒకే మనిషిని మూడుచోట్ల పెడదాం,” అంది ఆశ్రిత. ఆ మాట అంటున్నప్పుడు ఆమె అతని వైపు చూసింది. అతను అప్పటికే ఆమె వైపు చూస్తున్నాడు. ఇద్దరూ ఒక్కసారే రాయి వైపు తిరిగారు.

కృష్ణ ఒడ్డున కూర్చుని జామకాయలు తింటూ అతను ఒక సంగతి చెప్పాడు. ఆరేళ్ళ కిందట తనూ ఒక ఆర్ట్ కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ట్రాలీ బొమ్మల ఫొటోలు చూసి, బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి, నువ్వు ఏ ఇజానికి చెందినవాడివి బాబూ అని అడిగాడు. ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఊరు అడుగుతున్నారనుకుని, ప్రత్తిపాడండి అన్నాడు. బల్ల వెనక ముగ్గురూ నవ్వారు.

ఆశ్రిత కూడా నవ్వింది.

నవ్వాక తెలిసింది. అప్పటికే అతను జామకాయ పక్కన పెట్టి లేచాడు. బ్రాడీపేట దాకా వెనక కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. దిగి, వస్తానండి అని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు గోడ దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆశ్రిత ఒక్కతే గళ్ళు కొట్టింది. దారం ఇంకో చివర పట్టుకునేవాళ్ళు లేక, మేకుకి కట్టి, వంకర వస్తే మళ్ళీ కట్టి, ఆ మేకుని తిట్టింది. గుడ్డలు కట్టుకున్న ముఖాలు వేసింది. రాఘవమ్మ సాయంత్రపు ముఖం దగ్గరకొచ్చి ఆగిపోయింది. నీడ ఎక్కడ పెట్టినా తప్పే అవుతోంది. ఇక్కడ నీలం పడాలండి అని కసిరేవాళ్ళు లేరు.

మూడోరోజు మధ్యాహ్నం మూడింటికి, పరంజా మీద ఉండగా గాలి చల్లబడింది. వేరే చోటయితే మబ్బు చూసి ఎవరైనా మురిసిపోతారేమో. కోతలైపోయి కాయంతా కల్లాల్లో ఉన్నప్పుడు ఈ ప్రాంతంలో మబ్బుని ఎవరూ ప్రేమగా చూడరు. కోల్డ్ స్టోరేజీ వెనక కల్లాల్లో అప్పటికే కేకలు మొదలయ్యాయి. ఆశ్రిత బ్రష్ వదిలేసి పరుగెత్తింది.

రాఘవమ్మ కాయని చేటలతో కుప్ప చేస్తోంది. ప్రేమ్‌చంద్ టార్పాలిన్ పట్టా ఒక చివర పట్టుకుని, గాలికి అది ఎగిరిపోతుంటే మోకాలితో తొక్కిపెడుతున్నాడు. ఆశ్రిత రెండో చివర మీద పడింది. మొదటి చినుకులు పట్టా మీద కంకర రాళ్ళలా పడ్డాయి. రాళ్ళు పెడుతూ, తాళ్ళు లాగుతూ, ఆ గాలికి వినపడేలా ఇద్దరూ అరుచుకున్నారు.

ఫోను ఎందుకు ఎత్తలేదని ఆమె అడిగింది.

“ఎత్తితే ఇంకోసారి నవ్వుతారని.”

“నవ్వాను. తప్పే. కానీ ఆ బల్ల వెనకవాళ్ళ నవ్వు కాదు నాది. ఆ ప్రశ్న నన్నూ అడిగారు. నేను పెద్ద పెద్ద పేర్లు అప్పజెప్పి సీటు తెచ్చుకున్నాను. వాళ్ళ పేర్లే ఇక్కడికి తెచ్చి రాఘవమ్మ మొహానికి పూశాను. నీ జవాబే సరైన జవాబు, అది నాకు తట్టలేదని నవ్వాను. నీకు కోపం వస్తే నన్ను తిట్టాలి గానీ ఇంట్లో కూర్చుంటావా? నేను ఎవరితో పోట్లాడాలి? మేకుతోనా?”

ప్రేమ్‌చంద్ తాడు ముడి వెయ్యడం ఆపాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

“నన్ను ‘నువ్వు’ అన్నారు,” అన్నాడు.

“అన్నాను.”

“మూడుసార్లు.”

“లెక్క తర్వాత. ముందు ఆ ముడి వెయ్యి.”

అతను ముడి వేశాడు. పట్టా మీంచి ఆమె వైపు వంగి, అంత గాలిలోనూ మెల్లగా చెప్పాడు. “నేను నవ్వుకి కోపం తెచ్చుకోలేదు ఆశ్రితా. మీరు నవ్వితే నాకెందుకంత నొప్పి పుట్టాలని కోపం. ఎంత ఆలోచించినా దానికి ఒకటే జవాబు కనపడింది. అది చెప్పే ధైర్యం లేక ఇంట్లో కూర్చున్నా.”

“ఇప్పుడు చెప్పావుగా,” అంది ఆమె. వాన చల్లగా ఉంది. మిరపఘాటు అంటిన చేత్తో ముఖం తుడుచుకోబోయి, కళ్ళు మండి, దానికీ అతన్నే తిట్టింది.

మీ ముచ్చట్లు తర్వాత, ఆ మూల రాయి పెట్టండని రాఘవమ్మ కేకేసింది.

కాయ చాలామటుకు దక్కింది. గోడ మీద ఆరిన రంగు నిలిచింది, ఆరని సాయంత్రపు ముఖం మాత్రం కారిపోయింది. మర్నాడు పొద్దున రాఘవమ్మని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టి, ఇద్దరూ కలిసి ఆ ఒక్క ముఖం మీద రోజంతా పనిచేశారు. గీత ఆమెది, నీడ అతనిది, తర్వాత గీత అతనిది, నీడ ఆమెది. పిచ్చయ్య కుర్చీ వేయించుకుని రోడ్డు అవతల కూర్చుని, దవడ కింద ఇంకొంచెం నీలం అని అక్కణ్ణుంచే అరిచాడు.

ఉగాది పొద్దున గోడ ముందు జనం చేరారు. ఎడమ చివర రాఘవమ్మ గుడ్డ కట్టుకుంటోంది. మధ్యలో మిగతా ఎనిమిదిమందితో కూర్చుని తొడిమలు తీస్తోంది, కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. కుడి చివర గుడ్డ విప్పి, తడి ముఖంతో నిలబడి ఉంది. అసలు రాఘవమ్మ ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి, ఆ ముఖం ముందు ఆగింది. 

“ముక్కు నాదే,” అంది రాఘవమ్మ. ఇంకాస్త దగ్గరికి వంగి, “ఇంత కోపంగా ఉన్నానేంది?” అంది.

“ఉండవా అత్తా?” అన్నాడు ప్రేమ్‌చంద్.

ఆమె మళ్ళీ చూసింది. టీ కొట్టు వైపు ఒకసారి చూసింది, అక్కడ ఎవరూ నవ్వడం లేదు.

“ఉంటా,” అని, చెంగు బిగించుకుని అందరితో పాటు ప్రసాదం కోసం వెళ్ళింది.

జనం పలచబడ్డాక శేషాచలం గారు, జ్ఞానప్రసూనాంబ బస్సు దిగారు. ప్రేమ్‌చంద్‌ని పెళ్ళి చేసుకుంటానని ముందురోజే ఆశ్రిత ఇంట్లో చెప్పేసింది. ఆయన రాత్రి భోజనం మానేశాడు. వాళ్ళు వచ్చేసరికి, సాయంత్రపు ముఖంలో ఎడమకన్ను ఎవరు వేశారన్న దాని మీద గోడ ముందే ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు. ప్రేమ్‌చంద్ వాళ్ళని చూసి, చేతిలో బ్రష్ ఉండగానే నమస్కారం పెట్టాడు.

శేషాచలం గారు గోడ వైపు చూడలేదు. ఆయన అనదలుచుకున్నవన్నీ వరసగా అన్నాడు. మన కులం కాదు, చదువు లేదు, బోర్డులు రాస్తాడు. ఇవన్నీ పోనీ అనుకున్నా, పెళ్ళికి ముందే వీధిలో నిలబడి ఇలా అరుచుకునేవాళ్ళు రేపు ఒక ఇంట్లో ఎలా ఉంటారు? తన ఇంట్లో ముప్పై రెండేళ్ళలో ఒక్కనాడు గొడవ లేదు.

“గొడవ ఎందుకుంటుందండీ?” అంది జ్ఞానప్రసూనాంబ.

ఆశ్రిత తల్లి వైపు తిరిగింది. ఆవిడ ఆగలేదు.

“మీరు మాట్లాడారు, నేను విన్నాను. ముప్పై రెండేళ్ళు. నాకు కోపం రాలేదనుకున్నారా? రోజూ వచ్చింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వంటింట్లో పెట్టుకున్నాను. ఇది అరుస్తుంటే ఆ అబ్బాయి పారిపోలేదు, నోరు ముయ్యమనలేదు. నిలబడి జవాబు చెబుతున్నాడు. నా కూతురికి అంతకంటే ఏం కావాలండీ? కులం నాకొద్దు. నాకు ఇదే కావాలి.”

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. శేషాచలం గారు భార్యని, ఇన్నేళ్ళూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ప్రేమ్‌చంద్ వైపు తిరిగి, మీ నాన్నగారు ఇంట్లో ఉన్నారా అని ముక్తసరిగా అడిగాడు. ఉన్నారండి, ఆ రెండో వీధేనని ప్రేమ్‌చంద్ చెప్పాడు.

మాస్టారు పంచె అంచు పైకెత్తి పట్టుకుని, ఎవరికోసమూ ఆగకుండా, గబగబా నడక సాగించాడు. అది రెండో వీధి వైపు కాదు, గుంటూరు వెళ్ళే వైపు. చెప్పడానికి ఆశ్రితకీ నోరు రాలేదు, ప్రేమ్‌చంద్‌కీ రాలేదు.

“అటు కాదండీ,” అంది జ్ఞానప్రసూనాంబ, రోడ్డంతా వినపడేటట్టు.

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చాడు.